ఎందుకు పట్టుకున్నరు?

“తాళంచెవి ఇటియ్యి.”

హరిప్రసాద్ ఇవ్వలేదు. ఇవ్వనని కూడా అనలేదు. వాకిట్లో నిలబెట్టిన జీపు బానెట్ మీద చెయ్యేసి ఎటో చూస్తూ నిలబడ్డాడు.

“నిన్నేరా అడిగేది. రామ్‌సింగ్ పొద్దెక్కేసరికి వస్తనన్నడు. ఖమ్మం నుంచి గంత దూరం వచ్చినోనికి బండి స్టార్ట్ చేసి సూపియ్యాలె గద?” అన్నాడు మంగయ్య.

మంగయ్య పొద్దున్నే గడ్డం గీసుకుని, తెల్లచొక్కా తొడుక్కుని, మంచం మీద పెద్దమనిషిలా కూర్చున్నాడు. ఏ పనికైనా తయారైతే ఆయనంతే. బతుకంతా బొగ్గు బాయిలో పనిచేసి, రిటైరయ్యాక చండ్రుగొండకు తిరిగొచ్చి, చేతికొచ్చిన డబ్బుతో ఒక్కగానొక్క కొడుక్కి ఆ జీపు కొనిపెట్టాడు. ఇప్పుడు దాన్నే అమ్మేస్తానని కూర్చున్నాడు.

కిందటి వారం దమ్మపేట దారిలో బ్రేకు ఇన్‌స్పెక్టరు జీపును ఆపి పట్టుకుపోయాడు. జుర్మానా కట్టి నిన్న సాయంత్రమే విడిపించుకొచ్చారు. “పర్మిట్ షరతు తప్పారు, ఇంకోసారి దొరికితే పర్మిటే పోతుంది” అని చెప్పి మరీ పంపారు. ఏ షరతు తప్పాడో హరికి తెలియదు. తెలియని షరతును అంత చక్కగా తప్పడం కూడా ఒక విద్యే మరి.

“పర్మిట్ ఉన్నదంటవ్. టాక్స్ కట్టిన్నంటవ్. ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, లైసెన్సు, అన్ని కాయితాలు ఉన్నయంటవ్. మరి ఎందుకు పట్టుకున్నరు?”

వారం రోజుల్లో మంగయ్య ఈ ప్రశ్న అడగని మనిషి లేడు. జీపుల అడ్డాకు పెద్దయిన దూలయ్యను అడిగితే, బస్సులోళ్లకు మన మీద కుళ్లు అన్నాడు. టీకొట్టు దగ్గర అడిగితే, మీ టైం బాగలేదన్నారు. ఇంట్లో వెంకమ్మ దిష్టి అంది, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఎద్దు ఈనిందంటే కొట్టంలో కట్టెయ్యమనేవాళ్లే అందరూ. అసలు విషయం అడిగి తెలుసుకుందామన్న మనిషి ఊళ్లో ఒక్కరూ కనబడలేదు.

బాయిలో పనిచేసినవాళ్లకు రూలంటే భయమూ ఎక్కువే, గౌరవమూ ఎక్కువే. అక్కడ రూలు తప్పితే మనిషి పోతాడు. అందుకే కొడుకు ఏదో రూలు తప్పాడన్న మాట మంగయ్యను నిద్రపోనివ్వడం లేదు. దానికన్నా, ఆ రూలేమిటో తనకు తెలియకపోవడం ఇంకా ఎక్కువ బాధపెడుతోంది.

“బండి అమ్మితే మరి ఈయన ఏం చేస్తడు మామా?” అంది శ్రీదేవి. హరి భార్య. పెళ్లయి రెండేళ్లు.

“లారీ మీద పోతడు. వైజాగ్ లైనుకు డ్రైవర్లు కావాల్నని దూలయ్య చెప్పిండు.”

“లారీ మీద పోతే నెలకొక్కసారి వస్తడు. ఆ వచ్చిన దినం గూడ నిద్రపోతడు. నేను గోడలతోని ముచ్చట పెట్టుకోవాల్నా?”

ఆ మాట పైకి అనేసినందుకు శ్రీదేవికే సిగ్గేసింది. కానీ అది నిజం. పొద్దున పోయిన మనిషి రాత్రికి ఇల్లు చేరతాడన్న ఒక్క ధైర్యంతోనే ఆమె ఈ ఊరికి అలవాటు పడింది. జీపు పోతే ఆ ధైర్యం పోతుంది.

“ఎందుకు పట్టుకున్నరో నేను అడిగి తెలుసుకొచ్చిన మామా. రాత్రి చెప్తనంటే నువ్వు వినవైతివి.”

మంగయ్య ఆమెను ఎగాదిగా చూశాడు.

“అయితే చెప్పు. కానీ నాకు సమజయ్యేటట్టు చెప్పాలె. సమజైతే బండి అమ్మను. ఇగ పట్టువడకుండ నడుపుకోవచ్చని నమ్ముత. సమజు కాకపోతే రామ్‌సింగ్ తోలుకపోతడు.”

“మాటేనా?”

“బాయిల పనిచేసినోని మాట.”

చెప్పడం ఎంతసేపు అనుకుంది శ్రీదేవి. పాపం, మామను ఇంకా తెలుసుకోలేదు.

నిన్న జీపు కోసం కొత్తగూడెంలోని రవాణా ఆఫీసుకు పోయినప్పుడు హరి బయట చెట్టు కింద జీపు దగ్గరే ఉండిపోయాడు. శ్రీదేవి లోపలికి పోయి, సరాసరి బ్రేకు ఇన్‌స్పెక్టరు బల్ల ముందు నిలబడి, మా జీపు ఎందుకు పట్టుకున్నరు సార్ అని అడిగింది. ఆయన ఒక పుస్తకం తీసి, “ఒప్పందమునందు చేరని ప్రయాణికులను మార్గమధ్యమున ఎక్కించుకొనుట గాని దించుట గాని నిషిద్ధము” అని గుక్కతిప్పుకోకుండా చదివాడు. శ్రీదేవి ఇంటర్ చదివింది. ఆ మాటలన్నీ విడివిడిగా ఆమెకు తెలిసినవే. కలిపి చదివితే మాత్రం ఏమీ తెలియలేదు.

“సార్, గిదే ముచ్చట మీ అమ్మకు చెప్పాల్నంటే ఎట్ల చెప్తరు?”

ఆయన కళ్లజోడు తీసి ఆమె వంక వింతగా చూశాడు. ఆ బల్ల ముందు ఏడ్చినవాళ్లను చూశాడు, తిట్టినవాళ్లను చూశాడు, ఎవరెవరి పేర్లో చెప్పి బెదిరించినవాళ్లనూ చూశాడు. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. పెన్నుకు మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

“మా అమ్మకు చెప్పడం కష్టమమ్మా, ఆవిడ వినదు,” అన్నాడు. తర్వాత తనే నవ్వి కుర్చీ చూపించాడు. ఆయనకు కూడా సరదా పుట్టినట్టుంది. రెండు మూడు రకాలుగా చెప్పి చూసి, చివరికి ఒక దారి పట్టుకున్నాడు.

అదే ఇప్పుడు మామకు చెప్పింది.

“పెండ్లికి జీపు మాట్లాడుకుంటం సూడు మామా. బండి మొత్తం మనదే. మనోళ్లే ఎక్కుతరు, ఎక్కిన కాడినుంచి పెండ్లి ఇంటిదాక పోతరు. అది ఒక తీరు. బస్సు ఇంకో తీరు. ఎవడు చెయ్యెత్తితే వాడెక్కుతడు, ఎక్కడ దిగాల్నో అక్కడ దిగుతడు. ఎవని టికెట్ వానిది. మనకిచ్చింది పెండ్లి జీపు పర్మిట్. మనం చేస్తున్నది బస్సు పని. గందుకే పట్టుకున్నరు.”

మంగయ్య శ్రద్ధగా విన్నాడు. విని, తల అడ్డంగా ఊపాడు.

“మీ పెండ్లయి జీపుల తిరిగొస్తుంటే, దారిల నడవలేక కూలబడ్డ ముసలామెను ఎక్కించుకున్నమా లేదా?”

“ఎక్కించుకున్నం.”

“పెండ్లికూతురివి, నువ్వే జరిగి జాగిచ్చినవ్.”

“ఇచ్చిన.”

“మరి గది తప్పా?”

ఇన్‌స్పెక్టరు దగ్గర ఎంతో తేటగా ఉన్న మాట మామ దగ్గరికొచ్చేసరికి బురదైంది. శ్రీదేవి హరి వంక చూసింది, ఏమన్నా సాయం చేస్తాడేమోనని. అతను బానెట్ మీది దుమ్మును వేలితో గీస్తున్నాడు.

“అదొక్కటే కాదు మామా. మన జీపు ముందటి అద్దం మీద ఏం రాసున్నది?”

అద్దం మీద ఎర్రరంగుతో, అచ్చం బస్సు బోర్డు లాగా, “చండ్రుగొండ – దమ్మపేట” అని పెద్ద పెద్ద అక్షరాలున్నాయి.

“ఆ సారు గదే అన్నడు. బస్సు లెక్క బోర్డు రాసుకున్నరు. అడ్డాల వరుస పెట్టుకుంటరు, నిండినంక తీస్తరు. ఊరి పేరు పెట్టి పిలుస్తరు. తలా ఒక కిరాయి తీసుకుంటరు. ఇగ గిది బస్సు గాక ఏందమ్మా అన్నడు.”

మంగయ్య మొహంలో రంగు మారింది.

ఆ అక్షరాలు రాయించింది ఆయనే. జీపు కొన్న కొత్తలో పెయింటరును పిలిపించి, రోడ్డు మీద ఆగివున్న బస్సును చూపించి, అట్లనే రాయి, ఒక్క గీత తేడా రావద్దు అన్నాడు. పెయింటరు రంగు వేస్తున్నంతసేపూ పక్కనే నిలబడ్డాడు. అది చూసి మురిసిపోయి అడ్డాలో జీపులవాళ్లంతా రాయించుకున్నారు. మంగయ్య బోర్డు అంటే అడ్డాలో ఒక పేరు.

“దొంగబండి అనొద్దనే గద నేను రాయించిన!” అని మంచం మీది నుంచి లేచాడు. “పేరు దాచుకొని తిరిగేటోడు దొంగ గని, ఏ ఊరు పోతున్నదో అద్దం మీద రాసుకున్నోడు దొంగెట్లయితడు?”

“దొంగ అని ఎవలన్నరు మామా?”

“తప్పు నాదంటున్నవ్ గద!”

“నేనట్లన్ననా?”

“అనకపోతే ఏంది?”

అరుగు చివర వెంకమ్మ చింతపండు గింజలు తీస్తోంది. రాయి మీద గింజ కొట్టిన చప్పుడు ఒక్కటే వినబడుతోంది. శ్రీదేవికి ఏడుపొచ్చినంత పనైంది. అర్థమయ్యేటట్టు చెప్పమన్న మనిషికి అర్థమయ్యేది చెబితే, అది ఆయనకే వచ్చి తగిలింది.

మంగయ్య మళ్లీ కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

“బోర్డు ముచ్చట పక్కకువెట్టు. తుడిపేద్దాం. నేనడిగేది ఒక్కటే. బండిల సీట్లు ఖాళీగుంటయ్. రోడ్డు మీద మనిషి నిలబడ్డడు. చెయ్యెత్తిండు. ఎక్కించుకునుడు తప్పెట్లయితది? గది నాకు సమజు కాదు. దేవుడొచ్చి చెప్పినా కాదు.”

గింజ కొట్టే చప్పుడు ఆగింది.

“బాయి బస్సుల నన్నెందుకు ఎక్కనియ్యలే?” అంది వెంకమ్మ.

మంగయ్య తల తిప్పాడు. “ఏ బస్సు?”

“నీకు యాదిలేదా? హరి నా కడుపుల ఉన్నప్పుడు. దవాఖానాకు పోయి వస్తున్న. ఎండలు మండుతున్నయ్. నడవలేక రోడ్డు పక్కన కూసున్న. నీ షిఫ్టు బస్సు వచ్చింది. సగం ఖాళీ. చెయ్యెత్తిన, ఆగింది. ఇది షిఫ్టోళ్ల బస్సమ్మా, వేరేటోళ్లు ఎక్కొద్దు అన్నడు డ్రైవరు.”

“రూలు గదే మరి. కంపెనీ ఆ బస్సును షిఫ్టోళ్ల కోసమే మాట్లాడింది. బాయి కాడికి తీస్కపోవాలె, క్వార్టర్ల కాడికి తీస్కరావాలె. గంతే. సీట్లు ఖాళీగున్నా దారిల చెయ్యెత్తినోళ్లను ఎక్కించుకుంటే…”

మంగయ్య ఆగిపోయాడు.

శ్రీదేవి మామనే చూస్తోంది. ఆ మాట ఆయనే చెప్పాడు. అంత తేటగా బ్రేకు ఇన్‌స్పెక్టరు కూడా చెప్పలేకపోయాడు.

“గంతే మామా,” అంది మెల్లగా. “మన పర్మిట్ గూడ గంతే.”

“అవ్,” అన్నాడు మంగయ్య. “అవ్. ఎవలు మాట్లాడుకుంటే బండి వాళ్లది.”

శ్రీదేవికి గెలిచినట్టు అనిపించింది. అత్త మొహం చూశాక ఆ సంతోషం నిలవలేదు.

వెంకమ్మ భర్త వంకే చూస్తోంది. “ఆ బస్సుల కిటికీ కాడ నువ్వున్నవ్,” అంది. “రూలు నాకు ఆ దినమే సమజైంది. నువ్వు దిగి నాతోని ఎందుకు నడవలేదో గది ఇయ్యాల్టి దాక సమజు కాలే.”

ఇన్నేళ్లలో ఆమె ఆ మాట ఒక్కసారి కూడా అడగలేదు. అడగనందుకు ఆయన మరిచిపోయిందనుకున్నాడు. మగవాళ్లు ఇలాంటివి మహా తేలిగ్గా అనుకుంటారు. మంగయ్య చొక్కా గుండీ ఒకటి తీశాడు, మళ్లీ పెట్టాడు. హరి మొదటిసారి జీపు మీది నుంచి చెయ్యి తీసి తల్లి వైపు తిరిగాడు.

సరిగ్గా అప్పుడే వాకిట్లో రామ్‌సింగ్ దగ్గాడు.

ఖమ్మంలో పాత బండ్లు కొని అమ్మే మనిషి. మెడలో కొత్త సెల్‌ఫోను వేలాడుతోంది. వచ్చీ రాగానే జీపు చుట్టూ ఒక చుట్టు తిరిగి, టైరును కాలితో తన్ని, బానెట్ ఎత్తి లోపలికి తొంగిచూశాడు.

“ఇంజన్ మంచిగనే ఉన్నట్టుంది పెద్దాయనా.”

“ఉన్నది. కానీ రామ్‌సింగ్, తిప్పలవడి వచ్చినవ్, చాయ్ తాగి పో. బండి అమ్ముతలేను,” అన్నాడు మంగయ్య.

మాట అంటే మాటే. శ్రీదేవికి ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది. హరి వైపు చూసి నవ్వింది.

హరి నవ్వలేదు. జేబులోంచి తాళంచెవి తీసి, మంచం మీద తండ్రి పక్కన పెట్టాడు.

“అమ్మేయ్ నాయినా.”

“ఏందిరా?”

“అమ్మేయ్. ఇన్ని దినాలు నాకు తెల్వదు, తెల్వక ఎక్కించుకున్న. ఇప్పుడు తెలిసింది. రేపు నేను పెండ్లోళ్లనో, దవాఖానాకు పోయేటోళ్లనో ఎక్కించుకొని పోతుంట. అడవి మలుపు కాడ ఎర్రమ్మ ఇప్పపువ్వు గంప దించుకొని నిలబడుతది. చెయ్యెత్తుతది. పొద్దున బస్సు పోతే మళ్ల సాయంత్రం దాక లేదు. ఆగితే పర్మిట్ పోతది. ఆగకపోతే…” అని తల్లి వైపు చూసి, చూపు దించుకున్నాడు. “నాతోని కాదు. లారీ అయితే పెద్దరోడ్డు మీద పోతది. నన్నెవలూ చెయ్యెత్తి ఆపరు.”

అతని మనసులో ఇంత మాట ఉందని శ్రీదేవికి తెలియదు. తెలియగానే కోపమొచ్చింది. కోపం కన్నా భయం ఎక్కువ.

“గిందుకా నేను ఆఫీసుల నిలబడి తెలుసుకొచ్చింది? నిన్ను లారీ ఎక్కియ్యనీకా?”

“నువ్వు మంచిగ చెప్పినవ్ శ్రీదేవీ. ఇంతకుముందు ఎవలూ గట్ల చెప్పలే. గందుకే అంటున్న.”

రామ్‌సింగ్ ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూశాడు. వ్యాపారస్తుడికి ఇంటి గొడవలు కొత్త కాదు. ఎవరు గెలిచినా తనకు కావలసింది ఒక సంతకం.

“ఇంతకూ ఆర్సీ ఎవలి పేరు మీదున్నది?”

“ఆమె పేరు మీద,” అన్నాడు మంగయ్య.

జీపు కొన్న రోజున దాన్ని వెంకమ్మ పేరు మీదే రాయించాడు. ఎందుకని ఆమె అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇప్పుడు అందరూ ఆమె వైపు తిరిగారు. వెంకమ్మ చేతులకు చింతపండు జిగురు అంటుకుని ఉంది. లేచి చేతులు కడుక్కుంది. రామ్‌సింగ్ దగ్గరికి పోలేదు, కోడలి ముందుకొచ్చి నిలబడింది.

“బిడ్డా, పెండ్లోళ్ల బండికి ఒక పర్మిట్ అంటివి. బస్సుకు ఒక తీరు అంటివి. మరి బస్సు రాని వేళల, ఎర్రమ్మను ఎక్కించుకపోయేటోనికి ఏ పర్మిట్ ఉన్నది?”

“తెల్వదత్తా,” అంది శ్రీదేవి.

“ఉన్నదో లేదో ఆ సారును అడిగినవా?”

“అడగలే.”

వారమంతా ఈ ఇంట్లో అందరూ ఎందుకు పట్టుకున్నరు అనే కొట్టుకున్నారు. పట్టుకోకుండా ఉండాలంటే ఏ దారి ఉందో అడగాలని ఆమెకు తట్టనే లేదు. ఇంత చిన్న మాట ఎందుకు తట్టలేదా అని శ్రీదేవికి ఆశ్చర్యమేసింది.

“అయితే పా, అడిగొద్దాం. లేదంటే లేదని ఆయన నోటితోనే విందాం. అప్పటిదాక నేను సంతకం పెట్టను,” అంది వెంకమ్మ.

“అమ్మా, నేను మీ కోసం రేపు మళ్ల రాను,” అన్నాడు రామ్‌సింగ్. “సాయంత్రం దాక అడ్డాల ఉంట. పొద్దుగూకేలోపు చెప్పకపోతే దూలయ్య బండి తీసుకుంట.”

“చూసుకో అయ్యా, అప్పటిదాక ఇంజన్ చూసుకో,” అని వెంకమ్మ చెప్పులు తొడుక్కుంది.

హరిని తీసుకుపొమ్మని ఎవరూ అడగలేదు. తాళంచెవి మంచం మీదే ఉండిపోయింది. మంగయ్య లేవబోయి, భార్య వెనక్కి తిరిగి చూడకపోవడంతో కూర్చుండిపోయాడు. తర్వాత మనసొప్పక లేచి, చెప్పులు కూడా లేకుండా వాళ్ల వెనకే రోడ్డు దాకా వచ్చాడు.

బస్సు వచ్చే వేళ కాదు. కొంతసేపటికి కొత్తగూడెం పోయే జీపొకటి కనబడితే శ్రీదేవే చెయ్యెత్తింది. ఆగింది. లోపల ఒకరికొకరు సంబంధం లేని మనుషులు నలుగురున్నారు. వెంకమ్మ ఎక్కి కూర్చుంది. శ్రీదేవి ఒక కాలు మెట్టు మీద పెట్టి, అద్దం మీది ఎర్ర అక్షరాలు చూసి ఆగింది.

“జల్దీ ఎక్కక్కా,” అన్నాడు డ్రైవరు. “ఎనుక బ్రేకు ఇన్‌స్పెక్టరు బండి వస్తున్నదట. ఆయన రాకముందే మనం దాటిపోవాలె.”

“ఆయనే వస్తున్నడా?” అంది లోపలి నుంచి వెంకమ్మ. “మరి మనం పోవుడెందుకు?”

ఆమె దిగిపోయింది. జీపు తలుపు కూడా సరిగా వేయకుండా దుమ్ము లేపుకుంటూ పరుగు పెట్టింది. దుమ్ము అణగకముందే దమ్మపేట వైపు నుంచి ఇంకో ఇంజను చప్పుడు వినబడింది. వెంకమ్మ నడిరోడ్డు మీదికి నడిచి చెయ్యెత్తింది. శ్రీదేవి అత్తా, అత్తా అంటూ కొంగు పట్టుకుని లాగుతోంది. మంగయ్య వట్టికాళ్లతో ఆ ఎండలోకి వచ్చి భార్య పక్కన నిలబడి, తనూ చెయ్యెత్తాడు.

హారన్ మోగింది. బండి వేగం తగ్గిందో లేదో ఆ దుమ్ములో శ్రీదేవికి కనబడలేదు.